ఇంజన్ లైట్ వెలిగితే పోయింది ఇంజనా, సెన్సారా, వైరా?

క్లుప్తంగా: డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలిగిందంటే కారు కంప్యూటర్‌కు వచ్చిన ఏదో ఒక అంకె మీద దానికి నమ్మకం పోయిందని అర్థం. ఆ అంకె తేడాగా రావడానికి సెన్సార్ చెడిపోవచ్చు, మధ్యలో వైరో, వైర్లను కలిపే ప్లగ్గు లాంటి కప్లరో పాడవ్వచ్చు, లేదంటే సెన్సార్ నిజమే చెప్తుండొచ్చు, ఇంజన్‌లోనే రోగం ఉండొచ్చు. బండికి తగిలించే స్కానర్‌లో కనిపించే కోడ్ (కంప్యూటర్ రాసుకున్న లోపం నంబరు) అనుమానం ఏ లైన్ మీద వచ్చిందో చెప్తది, తప్పు ఎవరిదో చెప్పదు. కోడ్‌లో పేరు ఉన్న సెన్సార్ మార్చినా లైట్ మళ్లీ వచ్చేది ఇందుకే.

మీటర్ తప్పా, పత్తి తప్పా

పత్తి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోయినోళ్లకు మాయిశ్చర్ మీటర్ లొల్లి తెలిసే ఉంటది. తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, 12 దాకా కోత పెట్టి కొంటరు, 12 దాటితే పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ వాళ్లు వద్దంటరు. రైతేమో రెండు రోజులు ఎండబోసి తెచ్చిన అంటడు, మీటరేమో 14 చూపిస్తది. ఇప్పుడు పత్తి నిజంగనే తడిగ ఉండొచ్చు, మీటర్ ఖరాబై ఉండొచ్చు, లేదా రెండూ మంచిగనే ఉండి ప్రోబ్‌కు మీటర్‌కు మధ్యల వైరు లూజుగ ఉండొచ్చు. స్క్రీన్ మీద 14 అని చూస్తే ఈ మూడింట్ల ఏదో తెలువదు, ఇంకో మీటర్ తెచ్చి గుచ్చి చూస్తేనో, అదే మీటర్‌ను వేరే బోరంలో గుచ్చి చూస్తేనో తెలుస్తది.

కారులో కూడా ఇదే తంతు. కాకపోతే ఒక బండిలో ఇట్లాంటి మీటర్లు డజన్ల కొద్దీ ఉంటయి, వాటి మాట వినే కంప్యూటర్‌కు, అంటే ఈసీయూకు, సొంత కండ్లు లేవు. ఇంజన్ ఎంత వేడిగ ఉందో, ఎంత గాలి పోతుందో, ఇంజన్‌లో తిరిగే ఇరుసు, అంటే క్రాంక్, ఏ స్థానంలో ఉందో మొత్తం వైర్ల మీద వచ్చే వోల్టేజీని బట్టే అనుకుంటది.

ఈ లైట్ పెట్టింది దేనికోసం

చాలామంది ఇది ఇంజన్‌ను కాపాడటానికి పెట్టిన లైట్ అనుకుంటరు. అసలు పుట్టుక పొల్యూషన్ రూల్స్ నుంచి. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి ఓబీడీ2 అనే పద్ధతి తప్పనిసరి అయింది, పొగ ఎక్కువయ్యే లోపం ఏది వచ్చినా బండి తనంతట తానే పట్టుకొని డ్రైవర్‌కు చెప్పాలె అన్నది దాని సారాంశం. యూరప్‌లో పెట్రోల్ కార్లకు 2001 నుంచి వచ్చింది. మన దేశంలో 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ లాంటి 13 నగరాల్లో బీఎస్4తో పాటు మొదటి దశ ఓబీడీ వచ్చింది, 2013లో రెండో దశ, దేశమంతా బీఎస్4 అయింది 2017 ఏప్రిల్‌లో, తర్వాత 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6, 2023 ఏప్రిల్ నుంచి దాని రెండో విడత. ఒక్కో విడతకు చెకింగ్ కఠినమైంది. పాత కార్బొరేటర్ అంబాసిడర్‌కు ఈ బాధ లేదంటే అది మంచి ఇంజన్ అని కాదు, అడిగేటోడు లేడు అంతే.

అందుకే పసుపు లైట్‌కు, ఎర్ర లైట్లకు తేడా గుర్తు పెట్టుకోవాలె. ఆయిల్ క్యాన్ బొమ్మ ఎర్రగ వెలిగినా, టెంపరేచర్ ఎర్రగ వెలిగినా బండి పక్కకు ఆపి ఇంజన్ బంద్ చేయాల్సిందే, ఒక్క కిలోమీటరు నడిపినా ఇంజన్ పట్టేసే ప్రమాదం ఉంటది. పసుపు ఇంజన్ బొమ్మ నిలకడగ వెలుగుతూ, బండి మామూలుగ నడుస్తుంటే ఇల్లు చేరొచ్చు. అదే బొమ్మ టక్ టక్ మని మిణుకుమంటే మాత్రం వేరే లెక్క, అప్పుడు ఏదో సిలిండర్ గట్టిగ మిస్సింగ్ కొడుతుంది, కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోకి పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని కరిగించేదాకా పోతది.

ఇంటర్నెట్‌లో ఎక్కువగ తిరిగే ఒక చిట్కా ఏందంటే పెట్రోల్ ట్యాంక్ మూత గట్టిగ తిప్పితే లైట్ పోతది అని. అది అమెరికా సంగతి, అక్కడ ట్యాంక్ ఆవిరి లీక్‌ను కూడా బండి టెస్ట్ చేసుకోవాలె. మన రూల్స్ యూరప్ బాటలో నడిచినయి, ఆ లీక్ టెస్ట్ అందులో లేదు, కాబట్టి ఇక్కడ చాలా బండ్లకు మూత ఎంత తిప్పినా ఆ లైట్‌కు సంబంధమే ఉండదు.

కంప్యూటర్ అనుమానం ఎట్ల పడతది

ఈసీయూ చెకింగ్ మూడు రకాలుగ ఉంటది. అర్థం చేసుకోవడానికి కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ అన్నిటికంటే ఈజీ.

అదొక చిన్న థర్మిస్టర్, వేడి పెరిగితే దాని రెసిస్టెన్స్ తగ్గుతది. ఈసీయూ 5 వోల్టులు పంపిస్తది, సెన్సార్ ఎంత తగ్గిస్తే అంత వేడి అని లెక్క కట్టుకుంటది. ఇప్పుడు వైరు తెగిందనుకోండి, కరెంటు పారదు, వోల్టేజీ 5 దగ్గరే నిలబడతది, ఈసీయూ లెక్క ప్రకారం ఇంజన్ మైనస్ 40 డిగ్రీలు. రామగుండంలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండలో నిలబెట్టిన బండి మైనస్ 40 అని చెప్తే నమ్మేటోడు ఎవడు, ఈసీయూ కూడా నమ్మదు, పి0118 అని రాసుకుంటది. వైరు ఒరుసుకుపోయి ఎర్త్‌కు తగిలితే తలకిందులు, వోల్టేజీ సున్నాకు పడి ఇంజన్ కాగిపోతున్నట్టు చూపిస్తది, అప్పుడు పి0117. ఇది మొదటి రకం, సర్క్యూట్ చెకింగ్. అంకె అసలు సాధ్యమయ్యే హద్దులోనే లేదు కాబట్టి వెంటనే దొరుకుతది.

రెండో రకం కొంచెం తెలివైనది. పంచాయితీలో ముగ్గురు సాక్షుల మాట కలవాలె అన్నట్టు ఒక సెన్సార్ చెప్పింది మిగతా సెన్సార్లు చెప్పినదానితో కలుస్తుందా అని చూస్తది. రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున స్టార్ట్ చేసేటప్పుడు కూలెంట్ వేడి, లోపలికి పోయే గాలి వేడి దాదాపు ఒకటే ఉండాలె. ఒకటి 24, ఇంకోటి 70 అంటే ఏదో అబద్ధం చెప్తుంది. యాక్సిలరేటర్ పెడల్‌లో రెండు సెన్సార్లు పెట్టేది కూడా ఇందుకే, రెండూ ఒకదానికొకటి ఒక లెక్కలో నడవాలె, లెక్క తప్పితే పి2138 పడి బండి లింప్ మోడ్‌లోకి పోతది, ఎంత తొక్కినా పికప్ రాదు. డ్రైవర్‌కు చిరాకే కానీ తొక్కకుండానే బండి ఉరకడం కంటే నయం.

మూడో రకంలో ఈసీయూ తానే ఒక పని చేసి ఫలితం చూస్తది. ఉదాహరణకు పెట్రోల్ కొంచెం ఎక్కువ పోసి ఆక్సిజన్ సెన్సార్ స్పందిస్తదా లేదా, ఎంత తొందరగ స్పందిస్తది అని.

అసలు చిక్కు ఎక్కడంటే, సెన్సార్ పూర్తిగ చచ్చిపోతే వెంటనే దొరుకుతది, సగం చచ్చిందే ఏడిపిస్తది. ఇంజన్ 90 డిగ్రీల మీద ఉంటే సెన్సార్ 50 అని చెప్తే అది హద్దులోనే ఉన్న అంకె, సర్క్యూట్ చెకింగ్ పాసైపోతది, ఈసీయూ మాత్రం ఇంజన్ ఇంకా వేడెక్కలేదనుకొని పెట్రోల్ ఎక్కువ పోస్తనే ఉంటది. మైలేజీ పడిపోతది, పొగ వాసన వస్తది, లైట్ మాత్రం రోజుల తరబడి రాకపోవచ్చు.

దీనికి తిరగేసిన కేసు కూడా మన దగ్గర బాగనే కనిపిస్తది. ఎండాకాలం బండి హీట్ అవుతుందని కొందరు మెకానిక్‌లు, ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను ఆపే థర్మోస్టాట్ వాల్వ్ తీసి పక్కన పడేస్తరు. అప్పుడు ఇంజన్ నిజంగనే రావాల్సిన వేడికి రాదు, సెన్సార్ ఉన్నదున్నట్టే చెప్తది, ఈసీయూ ఇంత దూరం నడిచినా వేడెక్కలేదేంది అని పి0128 లాంటి కోడ్ వేస్తది. అది చూసి టెంపరేచర్ సెన్సార్ కొత్తది కొనిపిస్తే అది కూడా అదే మాట చెప్తది, ఎందుకంటే నిజం అదే.

వెంటనే వెలగదు, వెంటనే ఆరదు

సర్క్యూట్ కట్ లాంటివి కొన్ని పక్కనపెడితే, చాలా లోపాలకు ఈసీయూ ఒక్కసారి చూసి లైట్ వెయ్యదు. మొదటిసారి తేడా కనిపిస్తే పెండింగ్ కోడ్‌గా రాసుకుంటది, రెండో ట్రిప్పులో కూడా అదే కనిపిస్తేనే లైట్ వెలుగుతది. తర్వాత లోపం దానంతట అదే పోయినా మామూలుగ వరుసగ మూడు ట్రిప్పులు సాఫ్‌గ నడిస్తేనే ఆరుతది, కోడ్ మాత్రం మెమరీలో 40 సార్లు ఇంజన్ వేడెక్కి చల్లారేదాకా ఉంటది. వానకు తడిసిన కప్లర్ రెండు రోజులకు ఆరిపోతే లైట్ వారానికి పోయేది, దేవుడే బాగు చేసిండని ఓనర్ అనుకునేది ఇందుకే.

కోడ్ పడ్డ క్షణంలో స్పీడ్ ఎంత, వేడి ఎంత, లోడ్ ఎంత అన్నది కూడా ఫ్రీజ్ ఫ్రేమ్ అని దాచిపెడతది. చాలా షాపుల్లో దీన్ని చూడకుండానే కోడ్ ఎరేజ్ చేసేస్తరు, అట్ల చేస్తే ఉన్న ఒక్క సాక్ష్యం పోయినట్టే.

ఆక్సిజన్ సెన్సార్ మీదనే ఎక్కువ నిందలు

సైలెన్సర్ పైపులో ఉండే ఈ సెన్సార్ కాలిపోయిన పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూస్తది. పెట్రోల్ ఇంజన్‌కు ఒక పాలు పెట్రోల్‌కు 14.7 పాళ్ల గాలి సరైన లెక్క. పాత తరహా సెన్సార్ అయితే పెట్రోల్ ఎక్కువైతే 0.9 వోల్టు దగ్గర, గాలి ఎక్కువైతే 0.1 దగ్గర ఉంటది, మంచిగ ఉన్న బండిలో ఈ రెండింటి మధ్య ఊగుతనే ఉంటది. అది పనిచేయాలంటే 300 డిగ్రీల పైన వేడి కావాలె, అందుకే లోపల చిన్న హీటర్ ఉంటది. హీటర్ ఫ్యూజ్ కొట్టేసినా పి0135 పడతది, ఫ్యూజ్ ధర ఎంత, సెన్సార్ ధర ఎంత అనేది చెప్పనవసరం లేదు.

పి0171, అంటే గాలి ఎక్కువ పెట్రోల్ తక్కువ అనే కోడ్ వచ్చిందంటే చాలామంది వేలు పెట్టేది ఈ సెన్సార్ మీదే. కానీ లీన్ అని అది చెప్తుందంటే చాలాసార్లు దాని పని అది చేస్తున్నట్టే. ఇన్‌టేక్ మీద వ్యాక్యూమ్ పైపు పగిలి దొంగ గాలి లోపలికి పోతుండొచ్చు, ఫ్యూయల్ పంప్ ప్రెషర్ తగ్గి ఉండొచ్చు, ఇంజెక్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. ఇంకో విచిత్రం, సైలెన్సర్ పైపుకు సెన్సార్ కంటే ముందు చిన్న పగులు ఉంటే బయటి గాలి అందులోకి పీల్చుకొని సెన్సార్‌కు ఆక్సిజన్ ఎక్కువగ కనిపిస్తది, ఈసీయూ అనవసరంగ పెట్రోల్ పెంచుతది, ఇంజన్‌లో ఏ లోపం లేకుండానే మైలేజీ పోతది.

మరి సెన్సార్‌దే తప్పని తెలిసేదెట్ల? స్కానర్‌లో లైవ్ డేటా పెట్టి ఒక్కసారి రేస్ ఇచ్చి వదిలేస్తే వోల్టేజీ చటుక్కున పైకి పోయి చటుక్కున కిందికి పడాలె. అట్ల కదిలితే అది బతికే ఉంది, వెతకాల్సింది లీక్. మెల్లగ బద్ధకంగ కదిలితే, లేదా ఒక్కచోటే ఆగిపోతే సెన్సార్ మీద అనుమానం గట్టిపడతది. హెడ్ గ్యాస్కెట్ లీకై కూలెంట్ కాలినా, ఆయిల్ తాగే ఇంజనైనా, గ్యాస్కెట్‌కు ఎక్కువ సిలికాన్ పూసినా దీని మీద పొర పట్టి మొద్దుబారుతది.

క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాత ఇంకో సెన్సార్ ఉంటది. కన్వర్టర్ మంచిదైతే ముందు సెన్సార్ ఊగుతుంటే వెనకది నిలకడగ ఉండాలె, రెండూ ఒకే తాళానికి ఊగితే కన్వర్టర్ పనిచేస్తలేదని పి0420. కోడ్లన్నిట్ల జేబుకు పెద్ద చిల్లు పెట్టేది ఇదే. మిస్సింగ్ ఉందా, పైపు లీక్ ఉందా, వెనక సెన్సార్ మంచిదేనా అన్నవి చూడకుండా కన్వర్టర్ మార్చడం తొందరపాటు, మిస్సింగ్ అట్లనే ఉంటే కొత్తది కూడా అదే దారిన పోతది.

ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్ (ఈ20) సంగతి కూడా ఇక్కడే వస్తది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటది కాబట్టి అదే కొలత పోస్తే మిశ్రమం లీన్ వైపు జరుగుతది, ఈ20కి సరైన లెక్క సుమారు 13.5 పాళ్ల గాలి. ఈసీయూ ఆ తేడాను పెట్రోల్ పెంచి సర్దుకుంటది. అయితే సర్దుబాటుకు ఒక హద్దు ఉంటది, పాత బండిలో ముందే చిన్న లీక్ ఉండి సగం సర్దుబాటు అక్కడే ఖర్చయి ఉంటే ఈ20 మిగతా సగం తినేసి కోడ్ పడే అవకాశం ఉంది. అప్పుడు తప్పు పెట్రోల్‌ది అన్నా కొంత నిజమే, లీక్‌ది అన్నా నిజమే.

ఒకేసారి నాలుగు కోడ్లు వస్తే

స్కానర్ పెడితే గాలి ప్రెషర్ కొలిచే ఎంఏపీ సెన్సార్, థ్రాటిల్, ఏసీ ప్రెషర్, పెడల్ అన్నీ పోయినట్టు వస్తే నాలుగు సెన్సార్లు ఒకే రోజు మాట్లాడుకొని చావవు. ఈసీయూ ఇచ్చే 5 వోల్టుల లైన్ చాలా బండ్లలో రెండు మూడు సెన్సార్లకు ఉమ్మడిగ పోతది, ఒకటి లోపల షార్ట్ అయితే ఆ లైన్ మొత్తం కుంగిపోతది, పక్కవాళ్ల అంకెలు కూడా తప్పుతయి. కప్లర్లు ఒక్కొక్కటే తీస్తూ పోతే ఏది తీయంగనే వోల్టేజీ లేచి నిలబడిందో అదే దొంగ. దీనికి కావాల్సింది ఒక మల్టీమీటర్, కొంచెం ఓపిక. ఎర్త్ వైరు తుప్పు పట్టినా, బ్యాటరీ వీకై స్టార్టింగ్‌లో వోల్టేజీ బాగా పడిపోయినా ఇట్లనే గుంపుగ కోడ్లు వస్తయి.

మన రోడ్లు, మన వానలు, మన ఎలుకలు

సెన్సార్ కంపెనీలో ఎంత టెస్ట్ చేసినా వాడే చోటును బట్టే దాని ఆయుష్షు. ఉత్తర తెలంగాణలో మొదటి శత్రువు దుమ్ము. గోదావరిఖని, మంచిర్యాల వైపు బొగ్గు దుమ్ము, కరీంనగర్ చుట్టూ గ్రానైట్ పొడి, మార్కెట్ల దగ్గర పత్తి నూగు, రెండేండ్లకోసారి మేడారం జాతరకు తాడ్వాయి దారిలో వేల బండ్లు లేపే ఎర్రమట్టి. గాలి కొలిచే ఎంఏఎఫ్ సెన్సార్‌లో సన్నని వేడి తీగ ఉంటది, దాన్ని గాలి ఎంత చల్లారిస్తే అంత గాలి పోయినట్టు లెక్క. దాని మీద దుమ్ము పొర పడితే చల్లారడం తగ్గి గాలి తక్కువ పోతున్నట్టు చెప్తది. చౌక ఎయిర్ ఫిల్టర్ వేసినా, ఫిల్టర్ బాక్స్ క్లిప్పు సరిగ పెట్టకపోయినా ఇదే జరుగుతది. ఈ ఎంఏఎఫ్ ఎక్కువగ డీజిల్ బండ్లకు ఉంటది, చిన్న పెట్రోల్ కార్లలో చాలావాటికి దీని బదులు ప్రెషర్ కొలిచే ఎంఏపీ సెన్సార్ ఉంటది. డీజిల్ బీఎస్6 బండ్లకు మసి పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) ప్రెషర్ సెన్సార్, పొగను కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ గొడవ అదనం, ఊర్లోనే చిన్న చిన్న దూరాలు తిరిగే డీజిల్ కారుకు ఆ లైట్ తప్పదన్నట్టే ఉంటది.

రెండోది నీళ్లు. 2023 జులైలో భద్రకాళి చెరువు, నయీంనగర్ నాలా చుట్టూ కాలనీలు మునిగినప్పుడు, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 65 సెంటీమీటర్ల దాకా వాన పడ్డప్పుడు నీళ్లలో నిలబడ్డ బండ్లు చాలానే. మునిగిన బండి ఆరబెట్టి స్టార్ట్ చేస్తే నడవొచ్చు, అసలు దెబ్బ తర్వాత నెలల్లో కనిపిస్తది, కప్లర్ లోపల పిన్నుల మీద పచ్చటి తుప్పు మెల్లగ పాకుతది, రెసిస్టెన్స్ పెరుగుతది, సెన్సార్ మంచిదే అయినా అంకె వంకర వస్తది. దీనికి చిన్న తమ్ముడు దసరా. వాహన పూజకు ముందు బానెట్ లేపి ప్రెషర్ పంపుతో ఇంజన్ మీద కొట్టించడం, పండుగ తెల్లారి లైట్ వెలగడం, గ్యారేజీలకు ఇది సీజన్ లాంటిదే.

ఎలుకల గురించి ఎంత చెప్పినా తక్కువే. పొలాల పక్కన, గోదాముల పక్కన వారం కదలని బండి వాటికి వెచ్చని ఇల్లు. అవి వైరు సగం కొరికి వదిలేస్తే గుంతలో పడ్డప్పుడు మాత్రమే కాంటాక్ట్ పోతది, షాపుకు పోయేసరికి అంతా బాగుంటది.

క్రాంక్ సెన్సార్‌కు వేడి శత్రువు. చాలా బండ్లలో 60 పండ్ల చక్రంలో రెండు పండ్లు లేకుండ చేసి, ఆ ఖాళీ దాటినప్పుడల్లా ఇంజన్ ఎక్కడ ఉందో ఈసీయూ గుర్తుపడతది. వేడికి దాని లోపలి కాయిల్ తెగినట్టైతే కాజీపేట బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఇంజన్ టక్కున ఆగిపోతది, అరగంట చల్లారినంక ఏం తెలియనట్టు స్టార్ట్ అవుతది. మిగతా సెన్సార్లు పోతే ఈసీయూ ఏదో అంచనా అంకెతో నెట్టుకొస్తది, దీనికి మాత్రం చాలా బండ్లలో ప్రత్యామ్నాయం లేదు.

కోడ్ నుంచి బిల్లు దాకా

స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ అన్ని కంపెనీలకు ఒకటే, బ్లూటూత్ స్కానర్లు వెయ్యి రూపాయల లోపు కూడా దొరుకుతయి, ఫోన్‌లోనే కోడ్ చూసుకోవచ్చు. పి0తో మొదలయ్యేవి అన్ని బండ్లకు ఒకే అర్థం, పి1తో మొదలయ్యేవి కంపెనీకో తీరు. దీంతో ఒక మేలు, ఒక కీడు రెండూ జరిగినయి. ఓనర్‌కు చీకట్లో బాణం వేసే పని తప్పింది, కానీ కోడ్ పేరును సెర్చ్ చేసి అదే పేరున్న పార్ట్ ఆర్డర్ పెట్టడం కూడా పెరిగింది. ఆటోనగర్‌లో చెయ్యి తిరిగిన ఎలక్ట్రీషియన్ చేసే మొదటి పని పార్ట్ మార్చడం కాదు, కప్లర్ తీసి పిన్నులు చూడటం. టెంపరేచర్ సెన్సార్ కోడే అయితే కప్లర్ పీకి స్కానర్ చూస్తడు, మైనస్ 40 రావాలె, ఆ రెండు పిన్నులను చిన్న వైరుతో కలుపుతడు, అంకె పూర్తి వేడి వైపు ఎగరాలె. రెండూ సరిగ జరిగితే వైరింగు, ఈసీయూ మంచివే, అప్పుడు సెన్సార్ మార్చినా తప్పులేదు. జరగకపోతే ఎంత ఖరీదైన సెన్సార్ పెట్టినా దండగ.

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఈ లైట్ ఇంకో రకంగ పనికొస్తది. కీ ఆన్ చేసినప్పుడు, ఇంజన్ స్టార్ట్ కాకముందు, ఈ బొమ్మ తప్పకుండా వెలగాలె, స్టార్ట్ అయినంక ఆరాలె. అసలే వెలగకపోతే బల్బు పీకేసి ఉండొచ్చు. వెలిగి ఆరినా స్కానర్‌లో రెడీనెస్ అనే పేజీ చూడాలె, కోడ్లు ఎరేజ్ చేసినా బ్యాటరీ తీసినా సెల్ఫ్ టెస్టులన్నీ మళ్లీ మొదటి నుంచి పూర్తి కావాలె, దానికి రెండు మూడు రోజుల మామూలు డ్రైవింగ్ పడతది. అమ్మేటోడు లైటే రాలేదు అంటుంటే ఆ పేజీలో సగం టెస్టులు పూర్తి కాలేదని ఉంటే, నిన్నో మొన్ననో కోడ్లు తుడిచేసిండా లేక నిజంగనే బ్యాటరీ మార్చిండా అని అడగాల్సిందే, బ్యాటరీ మారిస్తే బిల్లు ఉంటది.